జయమ్మ ఎడమకాలి క్లచ్

జనవరి 17, సోమవారం

తీసెయ్యలేదు! మా జయని కంపెనీవాళ్ళు ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు!

ఇంకోసారి రాస్తాను, రాస్తుంటే బాగుంది. తీసెయ్యలేదు.

పొద్దున్న ఇడ్లీలు తింటుంటే ఫోనొచ్చింది. హైదరాబాదు నుంచి ఆ మేనేజరు. జయ ఫోను పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. నేను చట్నీ గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాను. వెనక నుంచి మా ఆవిడ పైడమ్మ "ఏటంట? ఏటంట?" అని నా చొక్కా లాగుతోంది. ఏటని చెప్తాను, నాకేం వినబడి చచ్చింది! ఆఖరికి జయ లోపలికొచ్చి, "సెలవు చాలు, పనిలోకి రమ్మన్నారు నాన్నా. ఇంటి నుంచే. శివరాత్రి ముందు రోజు నా పని కూచుని చూస్తారంట. ముందులాగే చెయ్యగలుగుతున్నానంటే ఉంచుతారు" అంది.

"లేదంటే?" అంది పైడమ్మ.

ఈ మనిషికి ఎప్పుడూ ఇదే. పిల్ల బంగారంలాంటి మాట తెస్తే దానికి తోక వెతుకుతుంది.

నేనైతే వెంటనే ఫోను తీశాను. సాలూరు, బొబ్బిలి, విజయనగరం, అందరికీ చెప్పెయ్యాలని. జయ ఫోను లాగేసుకుంది. "ఎవ్వరికీ చెప్పకు నాన్నా. ఖాయమయ్యాక నీ ఇష్టం. అప్పటిదాకా ఒక్కరికి కూడా. నా మీద ఒట్టు" అంది. ఒట్టు వేయించుకుంది కూడా.

అందుకే ఈ డైరీ తీశాను. రిటైరైన రోజున దేముడు అని నా పేరు రాసి యూనియన్ వాళ్ళిచ్చింది. పాత ఏడాదిది, వారాలు కలవవు, కొట్టేసి పైన రాసుకుంటున్నాను. మనుషులకి చెప్పొద్దంది గాని కాగితానికి చెప్పొద్దనలేదు కదా. చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోద్ది.

తీసెయ్యలేదు!

జనవరి 18, మంగళవారం

జయ పని చేస్తుంటే పక్కన స్టూలు వేసుకుని కూచున్నాను. అడిగే కూచున్నాను. "మాటాడకపోతే కూచో" అంది.

కంప్యూటరు తెరంతా నలుపు. బొమ్మల్లేవు, నొక్కడానికి ఏవీ లేవు. రంగురంగుల అక్షరాలు మాత్రం. చెడిపోయిందేమో అనుకున్నాను. మాటాడకూడదు కాబట్టి దగ్గాను. జయ నవ్వి, "పాడవలేదు. ఆ బొమ్మలన్నీ నేనే తీసేశాను" అంది. దీని పేరు ఈమాక్సంట. ప్రోగ్రాములు రాసుకునే పలక. జయ కంపెనీ బస్సు టికెట్ల కంపెనీ. మనం ఫోనులో సీటు నొక్కితే మనకి దొరుకుతుంది చూడు, ఆ దొరకడం వెనక రాతంతా ఇలాంటివాళ్ళు రాసిందే. కాలేజీ నాటి నుంచీ జయ దీని మీదే రాస్తోంది. దీని గొప్పేంటంటే, ఎవరికి ఎలా కావాలంటే అలా మార్చుకోవచ్చు. రంగు, అక్షరం సైజు, ఏ బటను కొడితే ఏ పని అవ్వాలి, అంతా మన ఇష్టం. తన ఇష్టాలన్నీ ఒక ఫైలులో రాసి పెట్టుకుంది. ఏళ్ళ తరబడి రాస్తూనే ఉంది.

"మరి ఇంకొకరొచ్చి దీని ముందు కూచుంటే?" అన్నాను.

"ఒక్క ముక్క నడవదు వాళ్ళకి" అంది, గర్వంగానే.

నాకు చప్పున వెలిగింది! నేను బైలడీలా ఇనప గని రోడ్ల మీద నీళ్ళ టాంకరు తోలినవాణ్ణి. దుమ్ము లేవకుండా కొండ మీదకీ కిందకీ నీళ్ళు కొట్టడమే బతుకంతా. నా బండికి రెండో షిఫ్టు మంగ్లూ. కొబ్బరి చెట్టంత మనిషి. మంగ్లూ దిగి నేనెక్కితే క్లచ్ నా కాలికి అందేది కాదు. ఎక్కగానే ముందు సీటు జరుపుకోవాలి, తర్వాత అద్దాలు తిప్పుకోవాలి, ఆ తర్వాతే తాళం. అవతలోడి సీటులో బండి కదిపినట్టు ఫోర్‌మాన్ చూశాడా, అందరి ముందూ తిట్టు తినాల్సిందే.

"అయితే ఇది నీ సీటన్నమాట" అన్నాను.

"అంతే నాన్నా! ఎంత బాగా చెప్పావు!" అంది. ఎంత నవ్విందో. దెబ్బ తగిలాక అలా నవ్వడం ఇదే మొదలు.

ఆ సంగతి కూడా రాయాలి కాబోలు. వానల్లో బచేలీ నుంచి స్కూటీ మీద వస్తూ ఎర్ర బురదలో జారింది. ఎడమ మోచెయ్యి విరిగింది. ఎముక అతికింది గాని, మోచేతి నుంచి దిగే నరం దెబ్బతిని చిటికెన వేలు, పక్క వేలు మాట వినడం లేదు. ఈమాక్సులో పనులన్నీ కంట్రోల్ అనే బటను నొక్కి పట్టి ఇంకో అక్షరం కొడితే జరుగుతాయి. దాచాలన్నా అదే, వెతకాలన్నా అదే. పొద్దున్న నుంచి సాయంత్రం దాకా నొక్కుతూనే ఉండాలి.

ఆ బటను ఎడమ చిటికెన వేలిది.

జగదల్‌పూర్‌లో నరాల డాక్టరు ఏదో అన్నాడు. రాయను. డాక్టర్లు అలాగే అంటారు.

జనవరి 20, గురువారం

మిగతావాళ్ళంతా వాడే ప్రోగ్రాము వాడు, మౌసుతో అన్నీ అయిపోతాయి అని మేనేజరు మెసేజి పెట్టాడంట. జయ నిన్నంతా ప్రయత్నించింది. "ఒక చేత్తో అటు మౌసు, ఇటు అక్షరాలు. పరాయి వంటింట్లో ఉప్పు వెతుక్కున్నట్టుంది నాన్నా" అంది. మళ్ళీ తన నల్ల పలక తెరిచింది. కొన్ని పనులు కుడి చేతి వైపు మార్చుకుంది. కంట్రోల్ ఒకసారి నొక్కి వదిలేసినా గుర్తుంచుకునేలా రాసుకుంది. అవుతోంది గాని నెమ్మది. మధ్యలో తడబడి వేరే పని జరిగిపోతోంది. అప్పుడు పళ్ళ సందు నుంచి గాలి వదుల్తుంది. నాకు వినిపిస్తుంది.

అయినా మారుతోంది చూడు! గంటకో రకంగా మార్చేస్తోంది. ఎంత తెలివో.

జనవరి 21

చిటికెన వేలు కదిలింది. అన్నం తింటుంటే. నేను చూశాను.

జనవరి 23, ఆదివారం

నాకు క్లచ్ తట్టింది!

స్నానం చేస్తున్నాను. నొక్కి పట్టడం, ఇంకోటి మార్చడం, వదలడం. ఇది నాకెక్కడో తెలుసే, తెలుసే అనుకుంటున్నాను. ఎడమ కాలు దానంతటదే నేలని నొక్కింది. క్లచ్! కాలితో కంట్రోలు! తడి తువ్వాలుతోనే బయటికొచ్చి అరిచాను. పైడమ్మ "పక్కింటి హిడ్మే చూస్తోందయ్యా, లుంగీ కట్టుకో" అంది. హిడ్మే గోడవతల నుంచి కిలకిలా నవ్వింది.

జయ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "కాలి పెడళ్ళు అమ్ముతారు నాన్నా. చాలామంది వాడతారు. నేనూ ఒకటి తెప్పించుకుందామనే చూస్తున్నాను" అంది.

కొంటుందంట! బైలడీలా కొండ మీద క్లచ్ తొక్కిన తండ్రి ఇంట్లో ఉండగా పెడలు కొంటుందంట! "నువ్వు ఆర్డరు పెట్టావా, నేను అన్నం మానేస్తాను" అన్నాను. "సరేలే" అంది.

జనవరి 26, బుధవారం

విజయనగరం నుంచి సోమక్క ఫోను. మా పెద్దక్క. "పిల్ల చెయ్యెలగుందిరా?" అంది. "బ్రహ్మాండం అక్కా, వేళ్ళు కదుల్తున్నాయి" అన్నాను. అమ్మవారికి వెండి చెయ్యి మొక్కుకుందంట, కంసాలికి చెప్పేసిందంట. వేళ్ళు విడివిడిగా కనబడేలా పొయ్యమందంట. ఉద్యోగం మాట నాలుక చివరిదాకా వచ్చింది. జయ అటు నుంచి చూస్తోంది. నాలుక కొరుక్కున్నాను. నిజంగానే కొరుక్కున్నాను, ఇప్పటికీ మంటగా ఉంది.

జనవరి 29, శనివారం

భూషణం వచ్చాడు. గనిలో ఎలక్ట్రీషియను, నాతోపాటే రిటైరయ్యాడు. తర్లగూడ వైపు మనిషి, యాస వేరు. పాత కీబోర్డొకటి విప్పి దాని కంట్రోల్ బటను దగ్గర రెండు తీగలు తీస్తే చాలంట, పెడలు కింద ఒక స్విచ్చు పెట్టి కలిపెయ్యొచ్చంట. ఆ ముక్క జయే చెప్పింది, భూషణం తలూపాడు.

ఇంక పెడలు నాది. బస్టాండు వెనక గ్యారేజీలో ఇనప రేకు కోయించాను. అడుగున దళసరి ప్లేటు. స్ప్రింగు మాత్రం లారీ క్లచ్‌దే. వెతికి వెతికి తెచ్చాను.

భూషణం దాన్ని చేత్తో నొక్కి చూసి, "ఏందయ్యా దేముడూ, ఇది బిడ్డకా, బర్రెకా?" అన్నాడు.

"స్ప్రింగు గట్టిగా లేకపోతే కాలు ఊరికే ఆనినా నొక్కుకుపోద్ది. నీకు కరెంటు తప్ప ఏం తెలుసు?" అన్నాను.

"సరే తీ. నీ బిడ్డ, నీ క్లచ్చి" అని తీగలు కలిపాడు.

ఎర్ర రంగు వేశాను. మీద తెల్లగా జయ అని రాశాను.

ఫిబ్రవరి 2, బుధవారం

పెట్టేశాం! పనిచేసింది! మొదటిసారే!

జయ కాలేసి నొక్కింది, టక్ మంది, ఒక అక్షరం కొట్టింది, తెర మీద గబగబా కదిలిపోయింది. పైడమ్మ కూడా గరిట పట్టుకుని వచ్చి చూసింది. జయ ఒక మాట మీద నిలబడి టక్ మంటే ఆ మాట ఎక్కడెక్కడుందో అన్ని చోట్లా వెలిగింది. ఒక్క చోట దిద్దితే అన్నిచోట్లా దానంతటదే దిద్దుకుంది. ఇంటి ముందు ఒక్క చెంబు నీళ్ళు చల్లితే వీధంతా దుమ్ము అణిగిపోయినట్టు! అలాంటి నీళ్ళు నాకుంటే ఉద్యోగం ఎంత సుఖంగా చేసేవాణ్ణి!

"ఎలగుంది తల్లీ?" అన్నాను.

"బాగుంది నాన్నా" అంది.

బాగుందంది. బాగుందంది! నా క్లచ్ బాగుందంది. రోజంతా వీధిలో నడుస్తూ నాలో నేనే నవ్వుకుంటున్నాను. హిడ్మే "క్యా హువా దాదా?" అంది. ఏం లేదన్నాను. ఏం లేకపోవడమేంటి! ఇంత ఉంటే!

ఫిబ్రవరి 5, శనివారం

క్లచ్ బ్రహ్మాండం.

జయ కాస్త కుంటుతోంది. ఈ చలికి పిక్కలు పట్టేస్తాయి, నాకూ పట్టేస్తున్నాయి.

ఫిబ్రవరి 7, సోమవారం

క్లచ్ మంచం కిందుంది. పైడమ్మ తుడిచేటప్పుడు జరిపినట్టుంది. నేనే మళ్ళీ టేబులు కింద సరిగ్గా పెట్టాను. జయ ఒకసారి కిందకి చూసి మళ్ళీ తెర వైపు తిరిగింది. చాలా పనిలో ఉంది పాపం.

చిటికెన వేలు ఇవాళ కూడా కొంచెం.

ఫిబ్రవరి 8

మళ్ళీ మంచం కిందే. ఈ ఇంట్లో ఏ వస్తువూ పెట్టిన చోట ఉండదు.

ఫిబ్రవరి 10, గురువారం

రాయబుద్ధి కావడం లేదు గాని రాస్తాను.

జయ లేనప్పుడు పైడమ్మ నా ముందుకొచ్చి, నడుం మీద చేతులేసుకుని నిలబడింది. "ఏటయ్యా నువ్వు. పిల్ల పిక్కకి రోజూ నేను నూనె రాస్తన్నాను. అది నీకు కనబడదు. ఆ ఇనప దాన్ని రోజుకి ఎన్నిసార్లు తొక్కాలో తెలుసా నీకు? నిన్న మధ్యాన్నం కాలు పట్టేస్తే కుర్చీలోంచి లేవలేకపోయింది. నాన్నకి చెప్పకమ్మా అంది."

"బాగుందంది కదే?"

"అంటది. నువ్వు ఎర్రరంగేసి పేరు రాసుకొస్తే బాగులేదని ఏ నోటితో అంటది? దానికి నీ కాలు రాలేదయ్యా. నా కాలు వచ్చింది."

పెరట్లోకి వెళ్ళి కూచున్నాను. మంగ్లూ సీటు గుర్తొచ్చింది. వాడి సీటులో కూచుంటే బండి నాది కాదు. నేను జయకి చేసిచ్చింది నా సీటు. నా బూటు, నా మోకాలు, నా క్లచ్. చేసి పేరు మాత్రం దానిది రాశాను.

శివరాత్రి దగ్గర పడుతోంది. నేను కాదనకపోతే అది పెడలు కొనుక్కునేది. ఈపాటికి అలవాటైపోయేది.

ఫిబ్రవరి 11, శుక్రవారం

జయ ముందు నేల మీద కూచున్నాను. "కాలియ్యి" అన్నాను. సిగ్గుపడింది. "ఇయ్యమ్మా." ఇచ్చింది. ఎంత చిన్న పాదం! పెద్దయ్యాక చూడనేలేదు. మడమ ఎక్కడ ఆనుతుంది, ఏ వేళ్ళతో నొక్కడం సుఖం, చెప్పులతోనా ఉత్త కాలా, అన్నీ అడిగాను. మొదట "నీ ఇష్టం నాన్నా" అంటూ వచ్చింది. "నా ఇష్టం మంచం కింద పడుంది. నీ ఇష్టం చెప్పు" అన్నాను.

అప్పుడు చెప్పింది! ఇంక ఆగలేదు! మడమ నేల మీదే ఉండాలంట, వేళ్ళ కొసతో ఇలా ఆనిస్తే చాలంట. టక్ మని చప్పుడు మాత్రం ఉండాలంట, అది వినబడితే నొక్కుకున్నట్టు తెలుస్తుందంట. ఇంత మనసులో పెట్టుకుని ఇన్నాళ్ళూ బాగుందంది.

వింటున్న పైడమ్మ లేచి వెళ్ళి అటక మీద నుంచి తన కుట్టుమిషను మోటారు పెడలు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఒక్క మాట అనలేదు. అనకపోవడమే గొప్ప.

ఫిబ్రవరి 14, సోమవారం

హా! ఇదీ పెడలంటే!

భూషణం దాన్ని విప్పి లోపల స్విచ్చు పెట్టాడు. చిటికెనవేలంత స్ప్రింగు. "ఇప్పుడు మనుషుల బండి లెక్కుంది" అన్నాడు. జయ వేళ్ళ కొసతో ఆనించింది. టక్. ఇంకోసారి. టక్. తర్వాత నన్ను మరిచిపోయింది. పైడమ్మని, భూషణాన్ని, చాయిని అన్నీ మరిచిపోయి టక్ టక్ టక్ మని పనిలో పడిపోయింది. ముందు క్లచ్‌కి "బాగుంది నాన్నా" అని మెచ్చుకుంది. దీనికి మెచ్చుకోనేలేదు. మరిచిపోవడం ఎంత గొప్ప మెప్పో నాకు ఇవాళ తెలిసింది.

తేలిక కాబట్టి నేల మీద కాస్త జరుగుతోంది. అడుగున గోనెసంచి ముక్క వేశాను. ఎర్ర దుమ్ము పట్టిన గోనె, కదలడం లేదు.

ఫిబ్రవరి 19, శనివారం

పళ్ళ సందు నుంచి గాలి వదలడం లేదు. పాట కూనిరాగం తీస్తోంది.

ఫిబ్రవరి 22, మంగళవారం

ఇప్పుడు కాలికి తగ్గట్టు తన ఫైలంతా మళ్ళీ రాసుకుంటోంది. కాలు నొక్కి ఉంటే కుడిచేతి కింద అక్షరాలన్నీ పనిముట్లయిపోతాయి. ఒకటి ఫైలు తెరుస్తుంది, ఒకటి రాసింది సరిగ్గా నడుస్తుందో లేదో పరీక్ష పెడుతుంది, ఒకటి పని అప్పజెప్పేస్తుంది. ఎడమ చేతిలో బాగున్న వేళ్ళకి వాటికి చేతనైనంతే ఇచ్చింది. "అందరి దగ్గరా ఎంత పని ఉంటే అంతే తీసుకోవాలి" అంది. వేళ్ళతో మాట్లాడుతున్నట్టే అంది.

"రేపు చిటికెన వేలు బాగైతే మళ్ళీ అంతా మార్చుకోవాలి కదేటి?" అన్నాను.

జయ తెర వైపే చూస్తూ, "మార్చుకోవచ్చులే నాన్నా, అదెంతసేపు" అంది.

ఫిబ్రవరి 27, ఆదివారం

రేపే. పైడమ్మ ఇల్లు కడగడం మొదలెట్టింది. కడగాల్సిందే, ఈ ఊళ్ళో పొద్దున్న తుడిచింది సాయంత్రానికి ఎర్రబడుతుంది.

ఫిబ్రవరి 28, సోమవారం

గబగబా రాస్తున్నాను, అక్షరాలు బాగుండవు, ఉండకపోనీ!

వరసగా రాస్తాను. పొద్దున్నే జయ గది కూడా కడిగేసింది పైడమ్మ. ఫినాయిలు వేసి నేల అద్దంలా చేసింది. మంచి రోజని. గోనె ముక్క మురికిగా ఉందని అదీ ఉతికి దండెం మీద ఆరేసింది! మేనేజరు వీడియో ఫోను కలిశాక జయ కాలు ఆనిస్తే పెడలు సర్రున గోడ దాకా పోయింది.

జయ నా వైపు చూసింది. తెర మీద అటు మేనేజరు, ఇంకో ఇద్దరు. ఇక్కడ నేను గుమ్మంలో. గోనె చూస్తే నీళ్ళు కారుతోంది.

ఏం ఆలోచించలేదు. వంగి, పాకుకుంటూ టేబులు కిందకి దూరిపోయాను. పెడలు రెండు చేతులతో పట్టుకున్నాను. జయ కాలు నెమ్మదిగా వచ్చి దాని మీద ఆనింది. టక్.

మేనేజరు ఒక లోపం ఇచ్చాడు. ప్రయాణికుడు టికెట్టు రద్దు చేసుకున్నా ఆ సీటు కొన్నిసార్లు ఖాళీ అని చూపించడం లేదంట. ఎందుకో కనిపెట్టి, తమ ముందే దిద్దాలంట. తెర నాకు కనబడదు గాని కాలు తెలుస్తోంది! మొదట్లో బెదురుగా, ఒకటి కొట్టి ఆగి, ఒకటి కొట్టి ఆగి. మేనేజరు "తొందరేం లేదు జయా" అంటున్నాడు. ఆ తొందర లేదనడం నాకు నచ్చలేదు. చెయ్యలేని వాళ్ళతో అనే గొంతు అది. కాసేపటికి కాలు మారింది. టక్ టక్, టక్, టక్ టక్. కొండ ఘాటు రోడ్డు ఎక్కేసి బండి తిన్నటి రోడ్డు మీద పడ్డట్టు. దొరికిందని నాకు కిందే తెలిసిపోయింది! పైన ఇంకా ఎవరికీ తెలీదు. నాకు తెలుసు!

ఇంకోటి కూడా తెలిసింది. టేబులు అంచుకి ఎడమ చెయ్యి ఉంది, నా కళ్ళకి జానెడు దూరంలో. బాగున్న వేళ్ళు పైన కొడుతున్నాయి. ఆ రెండూ ముడుచుకుని అంచు కిందకి అలాగే ఉన్నాయి. అంతసేపూ చూశాను. అంత దగ్గర నుంచి. చెయ్యంతా అంత సంబరంగా కదులుతుంటే కూడా అవి కదల్లేదు. ఇంతకుముందు కూడా కదల్లేదు. నేను రాసుకున్నాను అంతే. జగదల్‌పూర్ డాక్టరు, ఇంక రావు, అలవాటు చేసుకోండి అన్నాడు. అదీ ఆయనన్నది.

ఏడుపొచ్చింది. ఏడిస్తే చేతులు కదుల్తాయని ఏడవలేదు. ఫినాయిలు ముక్కుకెక్కి తుమ్మొచ్చింది. అది మాత్రం ఆపలేకపోయాను. ఎంత గట్టి తుమ్మో!

"ఎవరు జయా అక్కడ?" అన్నాడు మేనేజరు.

జయ నా వైపు వంగి చూసి, "మా నాన్న సార్. టేబులు కింద నా క్లచ్ పట్టుకున్నారు" అంది.

"ఏం పట్టుకున్నారు?"

ఇంక దాచేదేముంది. బయటికొచ్చాను. లుంగీ సగం ఊడింది, ఒక చేత్తో అది, ఒక చేత్తో పెడలు. "నమస్కారం సార్. మా ఇంట్లోవాళ్ళు నేల కడిగేశారు" అన్నాను. వెనక నుంచి పైడమ్మ "నా మీద పెట్టెయ్యి అన్నీ" అంది. అది కూడా వాళ్ళకి వినబడింది. అటు ముగ్గురూ పగలబడి నవ్వారు. జయ కూడా. నేను కూడా.

నవ్వు ఆగాక మేనేజరు పెడలు చూపించమన్నాడు. జయ అంతా చెప్పింది. కాలి గురించి, మార్చుకున్న బటన్ల గురించి, వేళ్ళ గురించి. "ఆ రెండు వేళ్ళూ ఇక పనిచెయ్యవు సార్. అవి లేకుండానే రాసుకున్నాను అంతా" అంది. అంత మామూలుగా! రేషను కార్డులో పేరు చెప్పినట్టు! ఈ మాట ఎప్పటి నుంచో దాని దగ్గరుంది. నా కోసమే చెప్పలేదు.

మేనేజరు "లోపం దిద్దేశావా?" అన్నాడు.

"అంకుల్ తుమ్మకముందే దిద్దేసింది సార్" అన్నారు పక్కనున్న వాళ్ళెవరో.

"సరే. ఇంక అందరూ వాడేది వాడమని నేను అడగను. రేపు శివరాత్రి సెలవు తీసుకో. ఎల్లుండి నుంచి నీ పాత పనంతా నీదే" అన్నాడు.

పనంతా దానిదే!

పైడమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. ఏడుస్తూనే, "ఆ గోనె ఆరిందో లేదో చూడయ్యా" అంది.

మార్చి 1, మంగళవారం, శివరాత్రి

గోనె ముక్కని టేబులు కింద వేశాను. ఉతికింది కదా, జారుతోంది. వీధిలోకి తీసుకెళ్ళి ఎర్ర దుమ్ములో బాగా దొర్లించి తెచ్చాను. పైడమ్మ నెత్తి కొట్టుకుంది. ఇప్పుడు కదలడం లేదు.

జయ వచ్చి నా ఫోను నా చేతికిచ్చింది. "ఒట్టు తీసేశాను. ఇంక చెప్పుకో నాన్నా" అంది. "రెండూ చెప్పు. ఉద్యోగం ఉందనీ, వేళ్ళు రావనీ. ఒక్కటే చెప్పావంటే మళ్ళీ అందరికీ నేను చెప్పుకోవాలి."

రెండూ చెప్తానన్నాను. ఎవరికెవరికి చెప్పాలో రాసుకుంటున్నాను, సంబరంలో ఎవరైనా మిగిలిపోతారు.

సాలూరు దుర్గమ్మ పిన్ని. చెవుడు, అరిచి చెప్పాలి. అరవడానికి నేను తయారే.

బొబ్బిలిలో మా బావమరిది అప్పలకొండ. "ఇంట్లో కూచుని చేసేది ఉద్యోగమేటి బావా" అన్నాడు ఒకసారి. వీడికి నెమ్మదిగా, కాఫీ తాగుతూ చెప్పాలి.

అప్పలకొండ పెళ్ళాం. వాడికి చెప్తే ఆవిడకి చెప్పడు.

భూషణం. నిన్ననే చెప్పాను. మళ్ళీ చెప్పాలి, వాడే మళ్ళీ చెప్పమన్నాడు.

హిడ్మే. గోడవతల నుంచి అంతా వినే ఉంటుంది. అయినా వెళ్ళి గుమ్మంలో నిలబడి చెప్పకపోతే చుట్టరికం కాదంటుంది.

దంతెవాడలో మంగ్లూ. వాడు చుట్టం కాదని ఎవడంటాడు! ఒకే సీటు పంచుకున్నవాళ్ళం. పిల్ల తన సీటు తను జరుపుకుందని చెప్పాలి. వాడికి అర్థమవుతుంది.

విజయనగరం సోమక్క. అందరికన్నా ముందు చెయ్యాల్సింది ఈ ఫోనే, ఆఖరికి రాశాను. ముందు వేళ్ళు రావని చెప్పాలి. ఏడుస్తుంది, ఏడవనివ్వాలి. కంసాలి పని మొదలెట్టకపోతే అదృష్టం. వెండి చెయ్యి వద్దక్కా, అమ్మవారికి పాదం పొయ్యమను అనాలి. చిన్న పాదం. ఎడమది.